సిగ్గుకు మొగము వచ్చిన కథ

కామవరపుకోట ప్రాంతము నుండి ఇంగ్లీషు ఉపాధ్యాయులొకరు మాకు ఒక ఉత్తరము వ్రాసినారు. వారి తరగతి పాఠములో ‘షేమ్‌ఫేస్డ్’ అనే విశేషణము వచ్చినదట. ‘షేమ్’ అంటే సిగ్గు, ‘ఫేస్’ అంటే మొగము. కనుక సిగ్గుతో మొగము వంచుకొన్నవాడని వారు అర్థము చెప్పినారట. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, “సిగ్గు మొగములో ఉంటుందాండీ, మనసులో ఉంటుందాండీ?” అని అడిగినాడట. దీనికి రేడియోలో సమాధానము చెప్పవలసినదని ఆ ఉపాధ్యాయుల కోరిక.

చిన్నవాడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెదకగా మాకు తెలిసినదేమంటే, ఆ విశేషణములో మొదట మొగము లేనే లేదు. ఉపాధ్యాయులు చెప్పిన అర్థము నేటి వాడుకకు సరియైనదే. కాని మాటకు అసలు రూపము ‘షేమ్‌ఫేస్డ్’ కాదు, ‘షేమ్‌ఫాస్ట్’.

‘ఫాస్ట్’ అంటే మనకందరకు వేగమనే తోచును. అది తరువాత వచ్చిన అర్థము. ఆ మాటకు మూలార్థము ‘గట్టిగా నిలిచినది, కదలనిది’ అని. గట్టిగా, బలము పెట్టి పరుగెత్తడము వేగముగా పరుగెత్తడమే కనుక, గట్టితనము నుండి వేగమనే అర్థము పుట్టినది. మన భాషలోనూ ఇటువంటి మార్పు లేకపోలేదు. ‘గట్టి’ అనేది రాతికి, కొయ్యకు చెల్లే గుణము. కాని ‘గట్టిగా మాట్లాడు’ అన్నప్పుడు అది పెద్ద గొంతుకు అర్థమైనది.

పాత అర్థము ఇంగ్లీషులో నేటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నది. బట్టల అంగడిలో వర్తకుడు చీర పరచి ‘ఫాస్ట్ కలరండీ’ అంటే, ఆ రంగు తొందరగా పోతుందని ఎవరూ భయపడరు; ఉతికినా వెలియదని తెలిసికొంటారు. ఏకాదశినాటి ఉపవాసమును ఇంగ్లీషులో ‘ఫాస్ట్’ అనడము కూడా ఇదే ధాతువు నుండి వచ్చినది. నియమమును గట్టిగా పట్టి నిలువడమని దాని భావము. ‘స్టెడ్‌ఫాస్ట్’ అంటే ఉన్న తావున కదలక నిలిచినవాడు. ఇక ‘ఫాస్ట్‌నెస్’ అనే మాటకు ఇంగ్లీషు నిఘంటువులలో ఒక అర్థము కోట. కామవరపుకోట పేరులో ఉన్న కోటయే అది. శత్రువు వచ్చి తాకినా చలింపనిదని దాని తాత్పర్యము.

కనుక ‘షేమ్‌ఫాస్ట్’ అంటే సిగ్గునందు గట్టిగా నిలిచినవాడు. సిగ్గే తనకు కోటగా గలవాడు. ఇది నిందావాచకము కాదు, ప్రశంస. చేయరాని పని ఎదుట పడినప్పుడు వానిని కదలనీయక పట్టి ఉంచేది సిగ్గు. పని చేసిన తరువాత మొగము ఎఱ్ఱబారడము కాదు, పని చేయకముందే కాలు నిలువరించడము ఆ మాట చెప్పే గుణము.

ఇది వేయి సంవత్సరాలకు పైబడిన మాట. 9వ శతాబ్దము చివర ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ రాజు ఒక లాటిన్ గ్రంథమును తన ప్రజల భాషలోనికి తెచ్చినాడు. అది 6వ శతాబ్దములో రోమునగర మతాధిపతి గ్రెగరీ, గురువులు తమ కింది వారిని ఎట్లు నడిపింపవలెనో బోధిస్తూ వ్రాసిన గ్రంథము. అందులో సిగ్గు గలవారిని ఒక విధముగాను, సిగ్గు లేనివారిని మరొక విధముగాను మందలింపవలెనని ఒక అధ్యాయము ఉన్నది. సిగ్గులేనివానికి గట్టి మందలింపు లేక తెలియదు. సిగ్గు గలవానికి మెత్తని మాట ఒక్కటి చాలును. ఇక్కడ ‘సిగ్గు గలవారు’ అనడానికి ఆల్‌ఫ్రెడ్ వాడిన మాట మన షేమ్‌ఫాస్ట్‌కు పాత రూపమే. 14వ శతాబ్దములో చాసర్ కవి ‘కాంటర్‌బరీ కథలు’ అనే కావ్యములో వర్జీనియా అనే కన్య సుగుణాలను వర్ణిస్తూ ఈ మాటనే వాడినాడు.

16వ శతాబ్దము వచ్చేసరికి మాటకు చిక్కు వచ్చినది. ‘ఫాస్ట్’ అంటే గట్టితనమనే అర్థము జనుల చెవికి దూరమైనది. షేమ్‌ఫాస్ట్ అనే మాట చివర వారికి ‘ఫేస్’ వినిపించసాగినది. సిగ్గుపడినవాని మొగము కందడము అందరూ చూచినదే కదా! ఆ విధముగా లేని మొగము మాటలోనికి వచ్చి కూర్చున్నది.

షేక్‌స్పియర్ మహాకవి ‘మూడవ రిచర్డ్’ నాటకమందే ఈ మార్పును చూడవచ్చును. ఒక రాజబంధువును చంపడానికి కూలి పుచ్చుకొని వచ్చిన ఇద్దరు హంతకులు పనికి పూనుకొనేముందు అంతరాత్మను గురించి మాట్లాడుకొంటారు. అది మనిషిని దొంగతనము చేయనీయదు, అబద్ధపు ప్రమాణము చేయనీయదు, దారిలో దొరికిన బంగారపు సంచిని కూడా తిరిగి ఇప్పించినదని వారిలో ఒకడు విసుగుకొంటాడు. అంతరాత్మకు అక్కడ వాడిన విశేషణము 1597లో అచ్చయిన ప్రతిలో ‘షేమ్‌ఫాస్ట్’; 1623లో అచ్చయిన సంపుటములో ‘షేమ్‌ఫేస్డ్’. మొదటి మాట ప్రకారము అంతరాత్మ మనిషిని పట్టి నిలిపేది. రెండవ మాట ప్రకారము అది మొగము దాచుకొనేది.

1611 నాటి ఇంగ్లీషు బైబిలునకూ ఇదే గతి పట్టినది. బంగారముతో, ముత్యాలతో కాక లజ్జతోను నిగ్రహముతోను అలంకరించుకొనవలెనని తిమోతికి వ్రాసిన లేఖలో స్త్రీలకు ఒక ఉపదేశము ఉన్నది. ఆ లజ్జకు మొదటి ముద్రణలో వాడిన మాట ‘షేమ్‌ఫాస్ట్‌నెస్’. తరువాతి ముద్రణలలో అది ‘షేమ్‌ఫేస్డ్‌నెస్’గా మారిపోయినది. 19వ శతాబ్దములో రిచర్డ్ చెనెవిక్స్ ట్రెంచ్ అనే పండితుడు తన రచనలలో ఈ మార్పును గురించి విచారపడినాడు. 1857లో ఇంగ్లీషు నిఘంటువుల లోపాలను ఎత్తి చూపి, ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువునకు దారి తీసిన ఉపన్యాసాలు ఇచ్చినవాడీయనే. ఈయన కూడా సభ్యుడుగా ఉన్న సంఘము 1881లో వెలువరించిన సవరణ ప్రతిలో పాత మాటను తిరిగి ప్రతిష్ఠించినారు. కాని గ్రంథములో సవరించినంత మాత్రాన జనుల నోట సవరణ కాదు. నేడు ఇంగ్లీషు మాట్లాడేవారి నోట మిగిలినది షేమ్‌ఫేస్డ్ ఒక్కటే.

ఇటువంటి మార్పులు ఆ ఒక్క మాటకే కాదు. తెలియని మాట ఎదురైనప్పుడు జనులు దానిని తెలిసిన మాటల మూసలో పోసుకొంటారు. రొయ్యవంటి ఒక జలచరమును ఇంగ్లీషువారు ‘క్రేఫిష్’ అంటారు. చివర ‘ఫిష్’ వినిపించినా అది చేప కాదని కొల్లేటి ఒడ్డున ఏ పిల్లవానికి చూపినా చెప్పును. పాత ఫ్రెంచిలోని ‘క్రెవిస్’ ఇంగ్లీషువారి చెవిలో పడి చేపయైనది. మన ‘ఆసుపత్రి’ విదేశీయుల ‘హాస్పిటల్’ నుండి వచ్చినదే. అయినా దాని చివర ‘పత్రి’ మనకు ఎంతో సొంతముగా వినిపించును! ఇటువంటి మార్పులలో చాలవరకు నష్టము లేదు. చేప కాని దానిని చేపయన్నా దాని రుచి మారదు. షేమ్‌ఫాస్ట్ విషయములో మాత్రము మాటతో పాటు భావము కూడా మారిపోయినది. పనికి ముందు నిలిచే సిగ్గును చెప్పే విశేషణము, పనికి తరువాత కనిపించే సిగ్గును చెప్పేదైనది.

ఇంగ్లీషు మాటలోనికి మొగము పొరపాటున వచ్చినది గాని, తెలుగులో సిగ్గుకు దగ్గరిదైన ఒక మాటలో మొగము మొదటి నుండీ ఉన్నది. అదే మనము నిత్యము వాడే మొగమాటము, పలుకుబడిలో మొహమాటము. దీనికి పాత రూపాలు మొగమోటమి, మోమోటమి. మొగమునకు, మోమునకు ఓటమి. ఓడు అనే క్రియకు గెలువకపోవడమేకాక జంకడమనే అర్థము కూడా పూర్వము ఉండెను. ఎదుటివాని మొగము చూడగానే మన మొగము ఓడిపోవును. ‘కాదు’ అనవలసిన నోరు ‘సరే’ అనును. ఇది మంచి గుణమని కొందరు, బలహీనత అని కొందరు అంటారు. పాత నిఘంటువులు దానికి దాక్షిణ్యమనే అర్థము ఇచ్చినవి. నేటి వాడుకలో అందులో జంకు పాలే ఎక్కువ.

మన నుడికారములో సిగ్గుపడిన మొగము నాణెము వంటిది కూడ. ‘వారింటికి వెళ్ళడానికి మొగము చెల్లలేదు’ అంటాము. చెల్లని కాసును అంగడిలో ఎవరూ పుచ్చుకొనరు; అదే విధముగా తప్పు చేసినవాని మొగము నలుగురిలో చెల్లదు. ‘నామోషీ’ అని మరొక మాట ఉన్నది. దీని కథ షేమ్‌ఫాస్ట్ కథను పోలినదే. గ్రీకు భాషలో ‘నోమోస్’ అంటే ధర్మము, కట్టుబాటు. అది అరబ్బీ, పారశీక భాషలలో ‘నామూస్’ అయి పరువు ప్రతిష్ఠలకు పేరైనది. ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చేసరికి పరువు పోవడమునకే పేరైనది. ధర్మముగా బయలుదేరిన మాట తలవంపుగా మన ఇల్లు చేరినది. నేడు ‘నడిచి వెళ్ళడము నామోషీ’, ‘పాత బట్ట కట్టడము నామోషీ’ అంటున్నాము. ఇందులో ధర్మమునకు సంబంధించినది ఏమి మిగిలినది? నలుగురి చూపు మాత్రమే మిగిలినది.

ఇంతకూ సిగ్గులో ఈ రెండు విధాలను మన పూర్వులు గుర్తించినారా అంటే, గుర్తించినారు. అందుకు సాక్ష్యము కోసము ఉత్తరము వచ్చిన ఊరికి దూరము పోనవసరము లేదు. కామవరపుకోట మండలములోనే, జీలకర్రగూడెము వద్ద, గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నవి. ఈ ప్రాంతము 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలోనిది. క్రీస్తు పూర్వము 2వ శతాబ్దము నాటికే అక్కడ భిక్షువులు నివసించినారు. కొండ చరియలో తొలిచిన గుండ్రని చైత్యగృహము, నడుమ స్తూపము, పైకప్పున కొయ్య వాసాలవలెనే చెక్కిన రాతి వాసాలు నేటికీ చూడవచ్చును.

అటువంటి ఆరామాలలో నివసించిన బౌద్ధ భిక్షువులు పౌర్ణమికి, అమావాస్యకు ఒకచోట చేరి నియమాలను వల్లించుకొనేవారు. తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొనవలసి ఉండెను. పాలీ భాషలోని బౌద్ధ గ్రంథాలు లోకమును కాపాడే ధర్మాలు రెండు అని చెప్పినవి. ఒకటి హిరి, సంస్కృతములోని ‘హ్రీ’ అదే. రెండవది ఒత్తప్ప. ఈ రెండూ లేకపోతే తల్లి, పినతల్లి, గురుపత్ని అనే భేదము లోకములో నిలువదని, మనుష్యులు పశువులతో సమానమగుదురని ఆ గ్రంథాల బోధ. 5వ శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు ఈ రెంటికి భేదమును చక్కగా వివరించినాడు. హిరి తన లోపలినుండి పుట్టేది: ‘నావంటివాడు ఈ పని చేయవచ్చునా?’ అనేది. ఒత్తప్ప వెలుపలినుండి వచ్చేది: ‘లోకము ఏమనును, ఫలితమేమగును?’ అనేది. దీనికి రెండు ఇనుప గుండ్ల ఉపమానము చెప్తారు. ఒకటి చల్లనిది, కాని మలినము పూసినది. రెండవది శుభ్రమైనది, కాని కాలుచున్నది. తెలివిగలవాడు మొదటిదానిని రోతచేత ముట్టడు, రెండవదానిని భయముచేత ముట్టడు. ఈ రెండూ గుండును పట్టుకొనకముందే కలిగేవని మనము గమనింపవలెను.

మన ఇండ్లలో పెద్దలు పిల్లలను ‘సిగ్గూ ఎగ్గూ లేదా?’ అని కోప్పడుతూ ఉంటారు. ఎగ్గు అనే మాట విడిగా ఇప్పుడు వాడుకలో లేదు. కీడు, దోషము, నింద అని దానికి అర్థాలు. సిగ్గు లోపలిది, ఎగ్గు వెలుపలినుండి వచ్చే నింద. ఆ రెంటికి జంకేవాడు తప్పు పని చేయడు. ఆ పాలీ మాటలకు, ఈ తెలుగు జంటకు పుట్టుకలో సంబంధము ఉన్నదని మేము అనము. కాని భేదము మాత్రము ఒక్కటే. దానిని మన అవ్వలు ఏ గ్రంథమూ చదువకయే పలికినారు.

ఇదంతా మాటల ముచ్చటయే అని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. కాదని మా మనవి. సిగ్గుకు, మొగమాటమునకు భేదము మరచినందువలన సంసారాలు కూలిన ఉదాహరణలు ప్రతి ఊరిలోను ఉన్నవి. బంధువు అప్పు తీసికొంటూ హామీ సంతకము పెట్టుమంటాడు. అతడు తీర్చలేడని మనకు తెలియును. అయినా కాదనడానికి మొగము ఆడదు, సంతకము పడును. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, 128వ సెక్షను ప్రకారము, ఒడంబడికలో వేరుగా వ్రాసికొంటే తప్ప, హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. రేపు నోటీసు వచ్చినప్పుడు ‘మొగమాటముచేత సంతకము చేసితిని’ అంటే న్యాయస్థానము వినదు. క్షణకాలపు మొగమాటము ఎకరము మామిడితోటను తీసికొని పోవును. ఆ సంతకము పెట్టించినది సిగ్గు కాదు. సిగ్గు మనిషిని నిలుపును. మొగమాటము మనిషిని నెట్టును.

పెండ్లి బేరాలను చూడండి. కట్నము ఇవ్వడము, పుచ్చుకొనడము రెండూ నేరమని 1961లోనే చట్టము వచ్చినది. అయినను పెండ్లిపందిట్లో తలవంచుకొని నిలుచుండేవాడు అడిగినవాడు కాడు, ఇంకా ఇవ్వలేనివాడు. సిగ్గు ఉండవలసిన చోట సిగ్గు లేదు. మొగమాటము ఉండకూడని చోట మొగమాటము ఉన్నది. వరుని తండ్రి పాత ఇంగ్లీషు మాట ప్రకారము షేమ్‌ఫాస్ట్ అయి ఉంటే, వధువు తండ్రి కొత్త ఇంగ్లీషు మాట ప్రకారము షేమ్‌ఫేస్డ్ కావలసిన అవసరమే ఉండదు.

రోగము వచ్చినప్పుడు వైద్యునితో చెప్పుకొనడానికి సిగ్గుపడేవారు, తరగతిలో తెలియలేదని లేచి చెప్పడానికి సిగ్గుపడే విద్యార్థి, వ్రాత రాదని చెప్పలేక తెలియని కాగితము మీద వ్రేలిముద్ర వేసే వృద్ధురాలు—వీరందరు పడేది సిగ్గు అనుకొంటాము. వీరిలో ఎవరూ చేయరాని పని చేయలేదు. ఇది నలుగురి చూపుకు మొగము ఓడిపోవడము మాత్రమే. వీరికి మనము చేయవలసిన సహాయము, అడగడములో తప్పు లేదని ముందుగా తెలియజెప్పడము. ఉపాధ్యాయుడు ‘ఎవరికి తెలియలేదు?’ అని ఒకమారు గద్దించి అడిగితే చెయ్యి ఎత్తేవాడు ఉండడు. ‘ఈ మాట నాకూ మొదట కష్టమైనదే, ఇంకొకమారు చూద్దాము’ అంటే పది చేతులు లేస్తాయి.

రెంటినీ వేరు చేసికొనడానికి మాకు తోచిన ఒక సులభమైన పద్ధతి ఉన్నది. ఏ పని అయినా చేయబోయి ఆగినప్పుడు, లేదా ఆగవలసి కూడా ఆగలేకపోయినప్పుడు, ‘ఇక్కడ ఎవరూ లేకపోతే నేను ఏమి చేసి ఉందును?’ అని ప్రశ్నించుకొనవలెను. ఎవరూ లేకపోయినా ఆగి ఉందుననిపిస్తే అది సిగ్గు, దానిని మీరవద్దు. ఎవరూ లేకపోతే నిర్భయముగా సరియైన పనియే చేసి ఉందుననిపిస్తే, మనలను అడ్డగించినది మొగమాటము. దానిని మర్యాదగా ప్రక్కకు తప్పించవచ్చును. కాదనడానికి కఠినమైన మాటలు అక్కరలేదు. ‘అన్నయ్యగారూ, ఇది నా శక్తికి మించినది, మరొక విధముగా సాయపడగలను’ అంటే మర్యాదకు లోపము లేదు, తోటకు నష్టము లేదు.

సిగ్గు మొగములో ఉండునా, మనసులో ఉండునా అన్నదానికి మా సమాధానము ఇది: పుట్టడము మనసులో, మొగము మీద కనిపించేది దాని నీడ. నీడనే చూచి పిల్లలను పెంచితే వారు మొగమును దాచుకొనడము నేర్చుకొంటారు. తప్పు చేసిన పిల్లవానిని బంధువుల ఎదుట, తోటివారి ఎదుట నిలబెట్టి తిట్టినప్పుడు జరిగేది అదే. మరునాడు వాడు తప్పు మానడు, తప్పు కనబడకుండ చేయడము అభ్యసించును. చాటుకు పిలిచి, మెత్తగా, ‘నీవంటివాడు చేయవలసిన పనేనా ఇది?’ అని అడిగి చూడండి. గ్రెగరీ గురువులకు చెప్పినది, ఆల్‌ఫ్రెడ్ రాజు తన ప్రజలకు తెచ్చి ఇచ్చినది ఈ మెత్తని మాటనే. సిగ్గు గలవానికి అది చాలును. సిగ్గు ఇంకా కుదురుకొనని చిన్నవానికి అది కుదురుకొనడానికి సాయపడును. ఈ సంగతిని ఇంటిలో పెద్దలు, బడిలో గురువులు ఆలోచించవలెనని కోరుతూ సెలవు తీసికొంటున్నాము.